మంగళగిరి: మగ్గం గుంట మీద మంచం

శుక్రవారం

విజయవాడలో రైలు దిగి గుంటూరు బస్సెక్కాను. వారధి దాటాక తాడేపల్లి ఎక్కడ అయిపోయిందో, మంగళగిరి ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమే. అపార్టుమెంట్లు, కల్యాణ మండపాలు, బిర్యానీ హోటళ్లు, కార్ల షోరూములు, మధ్యమధ్యలో ‘మంగళగిరి చేనేత’ అని బోర్డు పెట్టిన బట్టల కొట్లు, వీటన్నిటినీ కప్పేస్తూ పార్టీ జెండాలు, ఫ్లెక్సీలు. విజయవాడకి పన్నెండు పదమూడు కిలోమీటర్లు, గుంటూరుకి ఇరవై. రెండు పెద్ద ఊళ్ల మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి మీద కూర్చున్న ఊరు. ఎదురుగా ఏనుగు పడుకున్నట్టు కొండ కనపడిందంటే దిగాల్సిన చోటు వచ్చినట్టే.

మా మేనకోడలు, అల్లుడు ఇక్కడ కాపురం పెట్టి మూడేళ్లయింది. అల్లుడు రాజధాని ఊళ్లలో ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పాఠాలు చెప్తాడు. “మావయ్యా, నువ్వు రిటైరై ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, వచ్చి మా ఊరు చూడు” అని అది పట్టుబట్టింది. మూడేళ్లకే ‘మా ఊరు’ అయిపోయింది.

వాళ్లుండేది పద్మశాలీల వీధిలో ఒక ఇంటి మీద మేడ. కింద ఇంటాయన నేతగాడు. నేను మెట్లెక్కుతుంటే కింది నుంచి మగ్గం చప్పుడు వినిపించింది. సాయంత్రం దాకా ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

2011 జనాభా లెక్కల్లో మంగళగిరి పట్టణం జనాభా 73,613. పక్కనున్న తాడేపల్లిది 54,304. ఆ తర్వాత రావాల్సిన లెక్కలు రాలేదు. ఈలోపు రాష్ట్రం విడిపోయింది, రాజధాని వచ్చింది, ఆగింది, మళ్లీ మొదలైంది. 2021లో మంగళగిరినీ, తాడేపల్లినీ, చుట్టుపక్కల పంచాయతీలనూ కలిపి నగరపాలక సంస్థ చేసేశారు. ఇప్పుడెంత మంది ఉన్నారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్తారు. చెప్పేవాడికి ఇక్కడ స్థలం ఉంటే అంకె కాస్త పెద్దదవుతుంది.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడు ఊరి సంగతులు చెప్తూ, “ఇక్కడ ఎవరింటికెళ్లినా రెండో మాట గజం రేటేనండీ” అన్నాడు. మొదటి మాట ఏమిటని అడిగాను. “కాఫీ తాగుతారా” అట.

శనివారం

పొద్దున్నే కొండెక్కాం. పానకాల నరసింహస్వామి గుడి మధ్యాహ్నం మూడింటి దాకానే. ఆ తర్వాత దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం, మనుషులు ఉండరు. ఘాట్ రోడ్డు ఉన్నా మెట్ల దారినే వెళ్దామన్నాను. సగం మెట్లకి నా మోకాళ్లు ఘాట్ రోడ్డునే తలుచుకున్నాయి.

ఇక్కడ విగ్రహం లేదు. తెరిచిన నోరు ఆకారంలో రాతిలో ఉన్న బిలానికే లోహపు ముఖం తొడిగారు. అర్చకుడు శంఖంతో బెల్లం పానకం ఆ నోట్లో పోస్తాడు. గుటకలు వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి చప్పుడు ఆగుతుంది, ఆయన కూడా పోయడం ఆపేస్తాడు. బిందెడు తెచ్చినా చెంబెడు తెచ్చినా స్వామి సగమే తాగి, సగం భక్తుడికి వదిలేస్తాడని చెప్తారు. ఇంత బెల్లం ఒలికే చోట చీమలు చేరవంటారు. నాకూ కనపడలేదు. ఇది అగ్నిపర్వతమనీ, పానకం పోసేది లోపలి వేడి చల్లార్చడానికేననీ ఇంకో మాట ప్రచారంలో ఉంది. లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి, రెండు మాటలూ విని ఊరుకున్నాను. మా వంతు సగం పానకం బాగుంది, యాలకులు కాస్త ఎక్కువ పడ్డాయి.

కొండ మీంచి చూస్తే ఊరు బొమ్మ గీసినట్టు అర్థమవుతుంది. కాళ్ల కింద పాత ఊరు, దాని నడుమ లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807లో మొదలుపెట్టి 1809కి పూర్తి చేయించాడు. ఇన్నేళ్లూ ఊళ్లో ఎత్తయినది అదొక్కటే. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు దానితో పోటీకి లేస్తున్నాయి. రహదారి పక్కన ఆరో బెటాలియన్, అక్కడే రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం. ఇంకో దిక్కున ఎయిమ్స్ తెల్లటి భవనాలు. దూరంగా నిడమర్రు, కురగల్లు, నీరుకొండ వైపు పొలాలుండాల్సిన చోట రోడ్లు, క్రేన్లు.

దిగాక మెయిన్ బజారులో నడిచాం. గోపురం ముందు నుంచి సాగే ఈ వీధిలోనే ఫాల్గుణ పౌర్ణమి తిరునాళ్లలో రథం లాగుతారు. లక్షల్లో జనం వస్తారట. ఈ వీధిలో ఆ జనం ఎట్లా పడతారో నా లెక్కకి అందలేదు. కిరాణా, ఇత్తడి సామాను, పూల కొట్లు, వాటి మధ్య సన్నటి మెట్లు. ఆ మెట్లెక్కితే చిన్న చిన్న గదుల్లో నగలు చేసేవాళ్లు. ఈ ఊళ్లో చేనేత తర్వాత చేతిపని అంటే స్వర్ణకారమే. ఒక గదిలో నలుగురు కుర్రాళ్లు బల్ల చుట్టూ కూర్చుని ఊదుగొట్టంతో అతుకులు వేస్తున్నారు. కింద పరిచిన గుడ్డ మీద పడే పొడి కూడా పోనివ్వరు, సాయంత్రం ఆ గుడ్డ దులిపి దాచుతారు. ఫొటో తీసుకుంటానంటే వద్దన్నారు. వాళ్ల చేతిలో ఉన్న బంగారం వాళ్లది కాదు, కొట్టువాళ్లది. ఎంత తూకం ఇస్తే అంత తూకం తిరిగి అప్పజెప్పాలి, మిగిలేది మజూరీ.

ఆదివారం

మధ్యాహ్నం భోజనమయ్యాక కింద ఇంటాయన పిలిచాడు. “మాస్టారూ, పొద్దస్తమానం చప్పుడు వింటున్నారుగా, రండి చూద్దురు గాని” అన్నాడు.

ముందు గది పొడవుగా, చీకటిగా ఉంది. ఒకప్పుడు ఇక్కడ నాలుగు గుంటమగ్గాలు ఆడేవట. ఇప్పుడు ఆడుతున్నది ఒకటి. రెండింటి గుంటలు పూడ్చి టైల్సు వేశారు. మూడోదాని మీద చెక్కలు పరిచి మంచం వేశారు. మంచం మీద మనవడు ఫోను చూసుకుంటూ పడుకున్నాడు. పక్కకి జరిగితే చెక్కల సందులోంచి గుంట అడుగు కనపడుతుంది. పాత తొక్కుడు చెక్క ఒకటి ఇంకా అందులోనే ఉంది.

ఆయన గుంటలోకి కాళ్లు దింపి కూర్చున్నాడు. కుడి చేత్తో తాడు లాగితే నాడె ఈ కొస నుంచి ఆ కొసకి దూసుకుపోతుంది, ఎడం చేత్తో పలక దగ్గరికి లాగుతాడు, కాలు మారుస్తాడు, మళ్లీ తాడు. చూస్తూ కూర్చుంటే తేలిగ్గా కనిపిస్తుంది. ఒక పోగు తెగింది. చేతులు ఆగాయి. ఆయన ముందుకి వంగి, ఎనభయ్యో నంబరు నూలు, వెంట్రుక కంటే కాస్త మందం, రెండు కొసలూ వేళ్ల మధ్య నలిపి ఒక్క మెలి తిప్పాడు. అతికింది ఎక్కడో నేను కళ్లజోడు సర్దుకుని వెతికినా దొరకలేదు. అరనిమిషం కూడా పట్టలేదు. అదే నాకైతే సాయంత్రం అయ్యేది.

మంగళగిరి చీర గొప్పతనం చీర మధ్యలో ఏమీ లేకపోవడంలో ఉంది. ఒంటి మీద బుటా ఉండదు, పువ్వు ఉండదు. ఒత్తుగా నేసిన సాదా నూలు, అంచున జరీ. గోపురం మెట్లలా ఉండే ఆ అంచుని నిజాం బార్డరంటారు. బొమ్మలు లేవు కాబట్టి తప్పు దాగదు. పేక, అంటే అడ్డం నూలు, ఒక్కచోట పలచబడినా వెలుగులో పట్టుకుంటే తెలిసిపోతుంది. ఎనభైల తర్వాత చీరతో పాటు డ్రెస్ మెటీరియల్ ఊపందుకుంది. కాలేజీ అమ్మాయిల చుడీదార్లు చాలా ఇళ్లకి అన్నం పెట్టాయి. ఇప్పుడు పట్టు కలిపిన రకాలూ నేస్తున్నారు.

నూలు, జరీ మాస్టర్ వీవర్, అంటే నేయించి అమ్ముకునే వ్యాపారి, ఇస్తాడు. నేసి అప్పజెప్పిన చీరకింత అని మజూరీ. రంగు, డిజైను, అమ్మకం ఏదీ నేతగాడి చేతిలో లేదు. కండెలు చుట్టే ఆయన భార్య పనికి వేరే లెక్క లేదు, అది ఇంటి పని కిందే జమ. ఆవిడ వసారాలో కూర్చుని రాట్నం తిప్పుతూ మా మాటలు వింటోంది. రాట్నానికి చిన్న మోటారు బిగించారు. “చెయ్యి నొప్పి తగ్గింది గాని కరెంటు పోతే ఇద్దరికీ సెలవే” అంది.

పొద్దున్నే వీధి పొడవునా పడుగు, అంటే నిలువు నూలు, సాగదీసి గంజి పెట్టి సరిచేసే రోజులు ఆయనకి బాగా గుర్తు. ఇప్పుడు ఆ వీధి నిండా బైకులు, ఒక మూల ఇసుక కుప్ప, ఎదురింటాయన కారు. వీధిలో పడుగు పరిస్తే పోలీసులొస్తారని నవ్వాడు.

పిల్లలెవరూ మగ్గం ఎక్కలేదు. పెద్దవాడు హైదరాబాదులో, రెండోవాడు ఇక్కడే మెడికల్ షాపులో. నేర్పలేదా అంటే ఆయన చెప్పిన జవాబు సూటిగా ఉంది. “నేర్పితే వచ్చేది మాస్టారూ. మగ్గం మీదోడికి పిల్లనిచ్చేవాళ్లు లేరు.”

మరమగ్గం మీద ఇదే నిజాం బార్డరు వేసి, మంగళగిరి పేరు పెట్టి సగానికి సగం ధరకి అమ్మేస్తున్నారు. ఈ చీరకి భౌగోళిక గుర్తింపు ఉంది. చేనేతకి కొన్ని రకాలు కేటాయించిన 1985 చట్టమూ ఉంది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనేవాళ్లకి ఈ రెండింటి గురించీ తెలియదు. తెలిసినా పట్టించుకుంటారన్న నమ్మకం నాకు లేదు. 2019 నుంచి నాలుగైదేళ్లు మగ్గం ఉన్న ఇంటికి ఏడాదికి ఇరవై నాలుగు వేలు ప్రభుత్వం వేసింది. ఆ డబ్బుతో మగ్గం నిలబడిందా అని అడిగితే, “ఇల్లు నిలబడింది” అన్నాడు.

అసలు కథ మేడది. 2015లో రాజధాని శంకుస్థాపన అయ్యాక ఊరంతా కట్టినట్టే ఈయనా అప్పు చేసి మేడ కట్టాడు. సచివాలయం ఉద్యోగులు అద్దెకి దిగారు. 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చింది. ఏడాది తిరక్కుండా మేడ ఖాళీ. వడ్డీ కట్టడానికి రెండు మగ్గాలు అమ్మి గుంటలు పూడ్చాడు. ఆ తర్వాత ఎయిమ్స్ నర్సులొచ్చారు, వాళ్లు క్వార్టర్స్‌కి మారాక మా వాళ్లు దిగారు. 2024 ఎన్నికల ఫలితాలొచ్చిన వారానికే అద్దె పెంచాడట. ఆ సంగతి మా మేనకోడలు తర్వాత చెప్పింది, ఆయన చెప్పలేదు.

నెలంతా ఆలుమగలిద్దరూ నేస్తే చేతికొచ్చేది, పైన మేడకొచ్చే అద్దె, రెండూ పక్కపక్కన పెడితే ఇప్పుడు అద్దే ఎక్కువ. అదీ ఏమీ నేయకుండా. నా పెన్షన్ కూడా ఏమీ చేయకుండా వచ్చేదే కాబట్టి నేను మాట్లాడలేదు. కానీ ఈ ఊరు ఇప్పుడు దేనితో బతుకుతోందో నాకు ఆ గదిలోనే అర్థమైంది. నేసి కాదు, అద్దెకిచ్చి.

సోమవారం

ఎయిమ్స్‌కి నాకు పని లేదు. అయినా సోమవారం పొద్దున ఓపీ ఎట్లా ఉంటుందో చూడాలని మా మేనకోడలి స్కూటరెక్కాను. ఒకప్పుడు ఇది క్షయ శానిటోరియం ఉన్న చోటు. ఊరికి దూరంగా, కొండ గాలి తగిలేట్టు కట్టిన ఆసుపత్రి. ఆ స్థలంలో 183 ఎకరాల్లో, సుమారు 1,618 కోట్ల ఖర్చుతో ఎయిమ్స్ కట్టారు. 2018లో మొదటి ఎంబీబీఎస్ బ్యాచి, 2019లో ఓపీ, 2024 ఫిబ్రవరి 25న ప్రధాని చేతుల మీదుగా జాతికి అంకితం. 960 పడకలకి రూపొందించిన ఆసుపత్రి. పది రూపాయల చీటీతో పెద్ద డాక్టరు చూస్తాడన్న మాట నెల్లూరు, ప్రకాశం దాకా పాకింది.

ఎనిమిదింటికే వరస. చెట్ల కింద చాపలు, టిఫిన్ క్యారేజీలు, ఎక్స్‌రే కవర్లు. మార్కాపురం నుంచి వచ్చిన ఒక ముసలాయన రాత్రి పదింటికి బస్సెక్కానన్నాడు. అక్కడ ఏదో ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పిన ఖర్చు విని ఇటొచ్చాడట. స్కానుకి తారీఖు ఎప్పుడో ఇచ్చారు. ఇంటికెళ్లి మళ్లీ రావడమా, ఇక్కడే ఉండిపోవడమా అని లెక్క వేసుకుంటున్నాడు.

ఆ లెక్క మీదే గేటు బయట ఒక ఊరు లేచింది. రోజు అద్దె గదులు, వంట చేసుకునే వీలున్న గదులు, మంచానికింత అని ఇచ్చే హాళ్లు, మెడికల్ షాపులు, జెరాక్సు, రాగిజావ బండ్లు. హిందీలో బోర్డు రాసిన ఒక టిఫిన్ సెంటరు. నర్సుల్లో రాజస్థాన్ వాళ్లు, కేరళ వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం కచోరీ ఒక బండి మీద, పుట్టు, కడల కూర ఇంకో చోట. ఇడ్లీ వేసే ఆవిడ నా ముందే ముగ్గురితో మూడు భాషల్లో మాట్లాడింది. హిందీ ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, “చిల్లర దగ్గర” అంది.

ఆటో స్టాండులో ఒకతను, ముందు మగ్గం మీద ఉండేవాడట, చెప్పిన దాంట్లో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఊరికొచ్చేవాళ్లు మూడు రకాలంటాడు. దేవుడి దగ్గరికి, డాక్టరు దగ్గరికి, నాయకుడి దగ్గరికి. ముగ్గురికీ వరసే, ముగ్గురికీ చీటీయే, ముగ్గురూ ఆటో ఎక్కేవాళ్లే. నిజమే, తెలుగుదేశం రాష్ట్ర కార్యాలయం రహదారి పక్కన ఆత్మకూరు దగ్గర ఉంది. జనసేన కార్యాలయం మంగళగిరిలోనే. వైసీపీది పక్కన తాడేపల్లి. అర్జీలు పట్టుకొచ్చేవాళ్లు, టిక్కెట్లు అడిగేవాళ్లు, దండలు తెచ్చేవాళ్లు. లాడ్జీ గదుల రేట్లు రాజకీయాన్ని బట్టి మారే ఊరు రాష్ట్రంలో ఇదొక్కటేనేమో. 2019లో ఇక్కడ ఓడిన నారా లోకేశ్ 2024లో తొంభై ఒక్క వేల పైచిలుకు మెజారిటీతో గెలిచి మంత్రి అయ్యాక ఆ రద్దీ ఇంకా పెరిగిందని ఆటో అతని లెక్క. అతనికి పార్టీతో పని లేదు. మీటింగు పెద్దదైతే చాలు.

మంగళవారం

అల్లుడికి సెలవు. బైకు మీద నవులూరు, ఎర్రబాలెం, కృష్ణాయపాలెం, నిడమర్రు తిరిగాం. ఇవన్నీ మంగళగిరి మండలంలోని రాజధాని గ్రామాలు. 2015లో భూసమీకరణలో ఇరవై తొమ్మిది గ్రామాల రైతులు ముప్పై మూడు వేల ఎకరాల పైన ఇచ్చారు. ఎకరం మెట్టకి తిరిగి వచ్చేది వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు, అంటే ఏటి పక్కన నీటి వసతి ఉన్న భూమికి వాణిజ్యం 450 గజాలు. దానిపైన పదేళ్లు ఏటా కౌలు. మెట్టకి ముప్పై వేలు, జరీబుకి యాభై వేలతో మొదలై ఏటా కొంత పెరిగేట్టు ఒప్పందం. ఎకరం లెక్క ఇక్కడ అందరూ మర్చిపోయారు, గజాల్లోనే మాట్లాడతారు.

నవులూరు దాటాక క్రికెట్ స్టేడియం కనపడింది. ఎన్నో ఏళ్లుగా కడుతున్నారని అల్లుడు చెప్పాడు. దాని గురించి ఇంకేమీ చెప్పాలనిపించలేదు.

నిడమర్రు దగ్గర టీ కొట్టులో ఆగాం. ఎదురుగా ప్లాట్లకి హద్దురాళ్లు, వాటి మీద నంబర్లు. అయిదేళ్లు ఈ రాళ్లని ముళ్లకంప మింగేసింది. 2024లో యంత్రాలు పెట్టి కొట్టించారు. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు టిప్పర్లు ఆగకుండా తిరుగుతున్నాయి. టీ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తాగాలి.

టీ కొట్టాయన మూడెకరాలిచ్చాడు. మనిషి సంతోషంగానే ఉన్నాడు గాని ఏ మాటకీ చివర్న “చూద్దాం” అని తగిలిస్తున్నాడు. 2016లో గజం ఎంత పలికింది, 2020లో ఎంతకి పడిపోయింది, నిరుడు ఎంత, అన్నీ నోటికి ఉన్నాయి. పడిపోయినప్పుడు పక్కింటాయన కూతురు పెళ్లికని అమ్ముకున్నాడట. ఇప్పుడు ఈ వీధిలోకి రాడు. బస్సు ఇంకో వైపు వెళ్లి ఎక్కుతాడు.

టీ కొట్టాయన భార్య కథ వేరు. పెళ్లికి ముందు నుంచీ కూలి చేసినావిడ. ఇక్కడి భూముల్లో మల్లె, లిల్లీ, అరటి, కూరగాయలు ఏడాది పొడవునా పండేవి, రోజూ పని ఉండేది. భూమి లేని కూలీలకి నెలకి రెండున్నర వేల పింఛను పెట్టారు. “భూమి ఇచ్చినోళ్లకి గజాలొచ్చాయి. పని పోయినోళ్లకి గజం రాలేదు కదండీ” అంది. ఆవిడతో కలిసి పనికెళ్లే ఆడవాళ్లు ఇప్పుడు ఆటో మాట్లాడుకుని దుగ్గిరాల వైపు పసుపు పనికి పోతున్నారు. ఇంకొందరు యూనివర్సిటీ హాస్టళ్లలో గిన్నెలు కడుగుతున్నారు. రాజధాని గురించి నేను చదివిన వ్యాసాల్లో ఆవిడ అన్న రెండో వాక్యం చాలా అరుదు. రైతులు ఏళ్ల తరబడి కూర్చున్న దీక్షా శిబిరాల్లో ఈ ఆడవాళ్లూ కూర్చున్నారు, అది కూడా రాయాలి.

వచ్చేటప్పుడు బేతపూడి మీదుగా వచ్చాం. అక్కడ ఇంకా కొన్ని మల్లె తోటలున్నాయి. సీజను కాదు, పూలు లేవు. ఆకు దూసి నీళ్లు కట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. తోట గట్టు మీదే వెంచరు బోర్డు.

సాయంత్రం ఆటోనగర్ వైపు ఐటీ పార్కు చూపించాడు అల్లుడు. డేటా సెంటరు ఒకటి, కొన్ని కంపెనీలు. ఆరింటికి బయటికొచ్చిన కుర్రాళ్లలో సగం విజయవాడ బస్సెక్కారు. పని ఇక్కడ, సినిమా అక్కడ. మంగళగిరి పెద్దదవుతోంది గాని సాయంత్రాలు ఇంకా విజయవాడవే.

బుధవారం

కాజ దగ్గర టోల్ గేటు దాకా ఊరికే వెళ్లొచ్చాను. అక్కణ్నుంచే విజయవాడని తాకకుండా చిన్నఅవుటపల్లి దాకా పడమటి బైపాసు. చెన్నై నుంచి వచ్చే లారీలు అటు మళ్లిపోతే రహదారి పక్కనున్న హోటళ్ల సంగతేంటని ఒక ధాబావాణ్ని అడిగాను. అక్కడ కూడా ఒక ముక్క కొని ఉంచానన్నాడు.

మధ్యాహ్నం మా ఆవిడకి చీర కొనాలి. కింద ఇంటాయన నేసినదే కొందామంటే అది మాస్టర్ వీవర్ నూలు, ఆయనకి అమ్మే హక్కు లేదు. అదే చీర, అంటే అదే రంగు, అదే అంచు, బజారులో కొట్టులో దొరుకుతుందని ఆయనే కొట్టు పేరు చెప్పి పంపించాడు.

కొట్టాయన పది చీరలు విప్పేశాడు. కనకాంబరం రంగు ఒకటి నచ్చింది. వెలుగులో పట్టుకుని చూశాను, ఆదివారం నేర్చుకున్న విద్య. మొదట చేనేతదే తీశాడు, ధర చెప్పగానే నా మొహం చూసి ఇంకోటి తీశాడు. దాని వెనక వైపు అంచు కొస దగ్గర కత్తిరించిన పోగులు వరసగా ఉన్నాయి. ఇది మరమగ్గానిది కదా అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. “మీరు ఊరివాళ్లలా లేరే, ఎట్లా పట్టారు?” అని నవ్వి, మొదటిదానికి రెండొందలు తగ్గించాడు. ఇందులో నేతగాడికి ఎంత వెళ్తుందని అడిగితే మాత్రం బిల్లు రాసే పనిలో పడిపోయాడు.

కొట్టు మీద మూడంతస్తులు లేస్తున్నాయి. హాస్టలట. అమ్మాయిలకి, ఏసీ గదులు, ఎయిమ్స్‌కి షటిలు. చీరల వ్యాపారం ఎట్లా ఉందంటే ‘ఫరవాలేదు’, హాస్టలు ఎట్లా ఉంటుందంటే అరగంట చెప్పాడు. చీర మడిచి కవర్లో పెడుతూ ఏ ఊరు మాస్టారూ మీది అని అడిగాడు. విజయనగరం అన్నాను.

ఆయన చేతిలో కవరు ఆగిపోయింది.

“అయితే ఎయిర్‌పోర్టు మీ వైపేగా. భోగాపురంలో గజం ఎంతుందండీ ఇప్పుడు?”

తెలియదన్నాను. నమ్మలేదు. కుర్చీ తెప్పించి కాఫీ చెప్పాడు.